చక్రం వైపు కిటికీ

ఆమె గురించి రాయాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాను. ఇన్నాళ్ళు రాయకపోవడానికి మొదటి కారణం, నాకు అక్షరాలు రావు. మా ఇంట్లో మాట తెలుగు, వీధిలో తమిళం, సంతలో కన్నడం. మా ఆయన బంగారు గనిలో నుంచి మోసుకొచ్చేది ఇంగ్లీషు ముక్కలు. ఇన్ని మాటల మధ్య బతికి, ఒక్కదానికి కూడా అక్షరం తెలియకుండానే తల నెరిసింది. నా కొడుకు కన్నడం, ఇంగ్లీషు చదువుకున్నాడు. తెలుగు అక్షరాలు మా ఇంటికి కోడలితో వచ్చాయి. ఆ పిల్లది పలమనేరు దగ్గర పల్లె. కాపురానికి వచ్చిన కొత్తలో, నేను వాకిట్లో ముగ్గు వేస్తుంటే పక్కన కూర్చుని, "ఇంత ముగ్గు తిప్పే చేతికి అ ఆలు ఎంతత్తా" అని ఆ పిండితోనే నేల మీద ఒక అక్షరం పెట్టి చూపించింది. అట్లా నేర్చుకున్నాను, రోజుకు ఒకటి, మరిచిపోయి మళ్ళీ ఒకటి.

అక్షరాలు చేతికి కుదిరే సమయానికి కళ్ళు చెడ్డాయి. రాసిన వరుస మీదే మళ్ళీ రాసేదాన్ని. కోడలు చూసి నవ్వేది, తర్వాత నవ్వడం మానేసింది.

ఇంకో కారణం కూడా ఉంది. ఆమె సంగతి ఒకటి నాకు మాత్రమే తెలుసు. ఆమె పనిలో ఉన్నంత కాలం అది బయటికి పొక్కకూడదు. ఆమె పోయి ఎన్నేళ్ళయినా నా నోటికి ఆ భయం పోలేదు.

ఈ మధ్య కోలారు నుంచి కళ్ళ డాక్టర్లు వచ్చి మా గని కూలీల లైన్ల ఇళ్ళ పక్కనున్న స్కూల్లో పరీక్షలు పెట్టారు. ఒక డాక్టరమ్మ, చిన్నపిల్ల, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఒక కన్ను మూసి, "అవ్వా, ఆ కిటికీలోంచి ఏం కనిపిస్తా ఉంది?" అని అడిగింది. నాకు తెల్లటి పొగ తప్ప ఏమీ లేదు. కానీ ఆ స్కూలు కిటికీకి ఎదురుగా ఏముంటుందో ఊళ్ళో అందరికీ తెలుసు. "గని శాఫ్ట్ మీది చక్రం కనిపిస్తా ఉండాది" అన్నాను. "తిరుగుతోందా, నిలబడి ఉందా?" అంది. గని మూతపడి ఎంత కాలమైంది. "నిలబడి ఉండాది" అన్నాను.

డాక్టరమ్మ నవ్వింది. "అవ్వా, నువ్వు చూసి చెప్పలేదు. తెలిసి చెప్పినావు."

ఆ పిల్ల ఆపరేషన్ గురించి ఏదో చెబుతూనే ఉంది, కోడలు తల ఊపుతూనే ఉంది. నేను మాత్రం ఒక పాత బంగళాలో, పొడుగాటి కిటికీ ముందు స్టూలు మీద నిలబడిన మనిషి వీపును చూస్తున్నాను.

గని బంగళాల కిటికీ అద్దాలు తుడిచేది కనుక లైన్లలో ఆమెను అందరూ అద్దాలమ్మ అనేవాళ్ళు. అసలు పేరు హాజరు పిలిచే మేస్త్రీకి తెలిసి ఉంటుంది. నేను పెద్దమ్మా అనేదాన్ని. నన్ను ఆమె "మ్మే" అనేది, అంతే.

గనులు సర్కారు చేతికి వచ్చిన తర్వాతి మాట ఇది. తెల్లవాళ్ళు వెళ్ళిపోయారు, వాళ్ళ బంగళాల్లోకి మన ఆఫీసర్లు వచ్చారు. "దొరలు పోయినారు గానీ వాళ్ళ కిటికీలు పోలేదు గదా" అని గొణుక్కుంటూ బకెట్టు ఎత్తుకునేది ఆమె. ఆ కిటికీలు మా పల్లెల్లో ఎప్పుడూ చూడనివి. మనిషి కంటే ఎత్తు, నిండా చిన్న చిన్న గళ్ళ అద్దాలు. రెక్క పక్కకు తెరుచుకోదు, పైకీ కిందికీ జరుగుతుంది. చట్రం లోపల తాడు, తాడు కొసన ఇనుప గుండు. ఆ తాళ్ళు తెల్లవాళ్ళ కాలం నాటివి. చివికిన తాడు తెగితే రెక్క దబ్బున వేళ్ళ మీద పడుతుంది. అందుకని ఆమె రెక్క ఎత్తగానే దాని కింద ఒక చెక్కముక్క ఆనించేది. ఆ ముక్కను తాళాల గుత్తిలాగా కొంగుకు కట్టుకుని తిరిగేది. నడుస్తుంటే అది మోకాలికి తగిలి టక్కు టక్కుమనేది. బంగళా దొరసాని, ఆఫీసరు భార్యను మేము ఇంకా అట్లాగే పిలిచేవాళ్ళం, ఆ చప్పుడు విని వంటవాడితో టీ పెట్టించేది.

ఆ టీ పెద్దమ్మ ఎప్పుడూ నిలబడే తాగేది. కూర్చోమంటే, "కూసుంటే మోకాళ్ళు మాట్లాడతాయి" అనేది.

ఆ అద్దాల మీద దుమ్ము మామూలు దుమ్ము కాదు. బంగారం తీసేసిన తర్వాత మిగిలే రాతిపొడిని గనివాళ్ళు కొండల్లా పోశారు. సైనైడ్ దిబ్బలు అంటాము. ఎండాకాలం గాలి లేచిందంటే ఆ పొడి అన్నం గిన్నెలో, పరుపులో, చంటిపిల్లల కళ్ళల్లో. బంగళాల కిటికీలు పిండి చల్లినట్టు అయిపోయేవి. ఇంటికి ఈ కొసన మొదలుపెట్టి ఆ కొసకు పోయేసరికి మొదటి కిటికీ మళ్ళీ తెల్లబడేది. నాకు ఏడుపొచ్చేది. ఆమె మాత్రం, "ఈ పని అయిపోయేది కాదు మ్మే. అయిపోతే మనకు కూడు యాడిది?" అనేది.

ముందు పొడిగుడ్డతో దులపాలి. తడిగుడ్డ ముందే పెడితే ఆ పొడి అద్దాన్ని గీరుతుంది. తర్వాత నీళ్ళలో ఒక్క చుక్క కిరసనాయిలు. చివరికి న్యూస్ పేపరు ఉండచుట్టి రుద్దడం. రుద్దుతూ ఆమె తల ఒక పక్కకు వంచి చెవి పెట్టేది. అద్దం కీచుమంటే శుభ్రమైనట్టు. మూగగా ఉంటే ఇంకా మురికి. తర్వాత బొటనవేలితో అంచులు తడిమేది, లప్పం ఎక్కడ పగిలిందో, అద్దం ఎక్కడ కదులుతోందో. బిడ్డ పళ్ళు వచ్చాయేమోనని చిగుళ్ళు తడిమినట్టు ఉండేది చూడటానికి.

పేపరు దగ్గర ఆమెకు ఒక పట్టింపు. ప్రతి కాగితం చేతికి తీసుకోగానే, "మ్మే, దీంట్లో బొమ్మ ఉందా?" అని అడిగేది. మనిషి మొహం ఉంటే దాన్ని లోపలికి మడవాలి. మొహంతో అద్దం తుడవకూడదు. "ఎవురి కన్నబిడ్డో ఏమో. మన మురికి వాళ్ళకు పుయ్యకూడదు" అనేది. మంత్రి అయినా సరే, సబ్బు పట్టుకుని నవ్వే పిల్ల అయినా సరే. ఒకసారి నేను వేళాకోళంగా, "ఇది ఎద్దు బొమ్మ పెద్దమ్మా" అన్నాను.

"ఎద్దుకు మాత్రం అమ్మ ఉండదా" అని దాన్నీ మడిచింది.

ఆ బొమ్మ ఉందో లేదో తానే చూసుకోవచ్చు కదా, నన్నెందుకు అడుగుతుంది అని నాకు అప్పుడు తోచలేదు. భక్తి అనుకున్నాను.

నేను నంగలి పక్క పల్లె నుంచి కోడలిగా వచ్చాను. మా ఆయన భూమి కింద, అంతస్తుల్లా తవ్విన మట్టాల్లో బాగా లోతు మట్టంలో పని. పెద్ద బంగళాల్లో ఆమెకు స్టూలు పట్టుకోవడానికి, నీళ్ళు మార్చడానికి ఒక చెయ్యి కావాలంటే మా అత్త నన్ను పంపింది. మొదటి రోజు నేను తుడిచిన అద్దం దగ్గరికి వచ్చి, మొహం బాగా దగ్గర పెట్టి చూసి, ఒక మూలను గోటితో గీరి చూపించింది.

"ఏమి చూస్తా తుడిచినావు దీన్ని?"

"అద్దాన్నే పెద్దమ్మా."

"కాదు. నువ్వు అవతల గులాబీలు చూస్తా ఉండావు. అద్దాన్ని చూడల్ల. అవతలికి చూస్తే ఈడ మరక కనపడదు."

నాకు అది కష్టమైన పని. ఎందుకంటే ఆ బంగళాకు వెనక గదిలో ఒక కిటికీ ఉంది, దాంట్లోంచి సరిగ్గా మా ఆయన గనిలోకి దిగే శాఫ్ట్ కనిపిస్తుంది. ఎత్తైన ఇనుప కట్టడం, దాని తల మీద పెద్ద చక్రం. ఆ చక్రం మీది తాడే మనుషులను దించేది, ఎక్కించేది. దాని నడకను బట్టి లోపల ఏం జరుగుతోందో లైన్లలో ఆడవాళ్ళకు తెలుస్తుంది. రాయి లాగేటప్పుడు బిరబిరా తిరుగుతుంది. మనుషులు ఎక్కేటప్పుడు కొంచెం నిదానం. దెబ్బ తగిలినవాళ్ళను తెచ్చేటప్పుడు మాత్రం, నెత్తి మీది కడవలో నీళ్ళు తొణక్కుండా నడిచినట్టు, చాలా మెల్లగా తిరుగుతుంది. ఆ మెల్లటి నడకను ఎవ్వరూ చూడాలనుకోరు, చూడకుండా ఉండనూ లేరు.

నేను ఆ గదిలోకి పోగానే చక్రం వైపు తలెత్తేదాన్ని. ఆమె ఆ కిటికీని ప్రతిసారీ చిట్టచివరికి వదిలేది. దాని ముందు నిలబడినా మొహం అద్దానికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని రుద్దేది.

"మాటిమాటికీ అట్ల చూస్తే నీ మొగుడు తొందరగా పైకొస్తాడా?"

"మనసు ఆగదు పెద్దమ్మా."

"మనసును ఈ గుడ్డలో పెట్టి పిండు."

గనిలో మాకు అన్నిటికంటే పెద్ద భయం బరస్టు. లోతుకు పోయేకొద్దీ రాయి మీద బరువు ఎక్కువై, ఉన్నట్టుండి అది బద్దలవుతుంది. పైన మా ఇళ్ళల్లో నేల గుద్దినట్టు అవుతుంది, అరలో గిన్నెలు ఒకదానికొకటి తగులుతాయి. చిన్నవి వచ్చిపోతుంటాయి. గిన్నెలు నిలబడిన తర్వాత అందరూ ఒక్క క్షణం మాట ఆపి, ప్రమాదం జరిగితే ఊదే గని సంగు మోగుతుందేమో అని వింటారు. మోగకపోతే మళ్ళీ మాట అందుకుంటారు. మా పిల్లలు మాటలు నేర్చేది అట్లా మధ్యలో ఆపుకోవడంతో కలిపే.

ఆ రోజు నేను కడుపుతో ఉన్నాను, నెలలు నిండుతున్నాయి. స్టూలు ఎక్కనివ్వకుండా ఆమె నాకు కింది గళ్ళు ఇచ్చి, తాను పై గళ్ళు తీసుకుంది. మధ్యాహ్నం కావస్తోంది. వెనక గదిలోనే ఉన్నాము. కింద నుంచి వచ్చిన గుద్దుకు నేల ఒకసారి పైకి లేచి కూర్చుంది. ఆనించిన చెక్కముక్క జారి కిటికీ రెక్క దబ్బున పడింది. ఒక గడిలో అద్దం ఊడి నేల మీద పగిలింది. ఆమె స్టూలు మీద నుంచి పడలేదు, చట్రాన్ని రెండు చేతులతో కావలించుకుని ఉంది.

గిన్నెలు నిలబడ్డాయి. మేమిద్దరం విన్నాము. సంగు మోగింది. ఆగలేదు.

ముందు వైపు ఆఫీసరు జీపు బయలుదేరిన చప్పుడు. దొరసాని బిడ్డను ఎత్తుకుని తోటలోకి పరిగెత్తింది. వంటవాడు వరండాలో నుంచి అరిచాడు: "మన శాఫ్టేనంట, మన శాఫ్టే."

నేను లేచాను. ఆమె ఎప్పుడు స్టూలు దిగిందో తెలియదు, తడిచేత్తో నా మణికట్టు పట్టుకుంది.

"యాడికి?"

"గని గేటు కాడికి."

"పోబాక."

"విడు పెద్దమ్మా."

"పోబాక అంటా ఉండా. నా మాట ఒకటి విని, ఆ తర్వాత పోతానంటే పో." చెయ్యి వదల్లేదు. "నేను పోయినాను ఆ గేటు కాడికి, నా మొగుడు లోపల ఉన్న పొద్దు. ఊరి ఆడోళ్ళంతా ఆడనే. ఒకరి భుజం ఒకరికి రాసుకునేంత గుంపు. కొంచేపటికి నా చుట్టూ చోటు అయింది. ఒకామె ఇట్ల జరిగింది, ఇంకొకామె అట్ల జరిగింది. ఎవురూ ఒక్క మాట అనలేదు. వాళ్ళకు ముందే తెలిసిపోయింది, నా కంటే ముందు. ఆ చోటులో నేనొక్కదాన్నే నిలబడి ఉండాను. కబురు ఆ తర్వాత వచ్చింది. ఇంగ నేను ఆ గేటుకు పోలేదు. ఎవుర్నీ పోనియ్యను. వచ్చేవాడు ఇంటికే వస్తాడు."

ఆమె నన్ను ఎదురుగోడ కిటికీ దగ్గరికి తీసుకుపోయి, తోట వైపు మొహం పెట్టి, నేల మీద కూర్చోబెట్టింది. చక్రం నా వీపు వెనక ఉంది. చేతిలో పేపరు పెట్టింది.

"నువ్వు ఈ కింది గళ్ళు తుడువు. నేను ఆ కిటికీ కాడ నిలబడి చక్రం చూసి చెప్తా."

"నేనూ చూస్తా."

"నువ్వు తిరగొద్దు. తిరిగితే నీ ప్రాణం ఆడికి పోతాది. బిడ్డ ఈడ ఉండాది."

తర్వాత ఎంతసేపో నాకు తెలియదు. ఎండ నా మోకాలి మీద నుంచి గోడ మీదికి ఎక్కింది. నేను ఒకే గడిని తుడుస్తూ ఉన్నాను. వెనక ఆమె పేపరు అద్దాన్ని రుద్దే చప్పుడు, కీచు, కీచు. ఆ చప్పుడు ఆగితే పిలిచేదాన్ని.

"పెద్దమ్మా."

"తిరుగుతా ఉండాది."

"ఎట్ల తిరుగుతా ఉండాది?"

"బిరబిరా."

మళ్ళీ కీచు, కీచు. కడుపులో బిడ్డ తన్నింది. బిడ్డ కదిలితే మంచి శకునమో చెడ్డదో ఎవరైనా చెప్పి ఉన్నారా అని వెతుక్కున్నాను, గుర్తు రాలేదు. తోటలో గులాబీలు ఏమీ కానట్టు ఉన్నాయి.

"మెల్లగా ఏమైనా..."

"మెల్లగా అయితే నేను చెప్పనా మ్మే? బిరబిరా తిరుగుతా ఉండాది. పైకి వచ్చింది, మళ్ళీ దిగతా ఉండాది. శానా మంది ఎక్కతా ఉండారు."

వంటవాడు గుమ్మంలోకి వచ్చాడు. "ఎవురో పోయినారంట..." అని మొదలుపెట్టాడు.

"ఎవురంట?" అంది ఆమె.

"అది తెలీదు."

"తెలిసింది ఉంటే చెప్పు. తెలీంది మడిచి జేబులో పెట్టుకుని పో, పొయ్యి మీద పాలు పొంగతా ఉంటాయి."

వాడు వెళ్ళిపోయాడు. నేను తుడుస్తున్న గడిలో, వెనక కిటికీ వెలుతురులో, ఆమె నీడ కనిపించింది. చక్రం కనిపించేంత నేరుగా లేదు. ఆమె ముంజేతులు మాత్రం కనిపించాయి, పైకీ కిందికీ ఆడుతూ. ఆ చేతుల తీరును బట్టి చక్రం తీరు కనుక్కోవాలని చూశాను. అవి ఒక్క తీరుగా ఆడుతున్నాయి. ఒక్క తీరుగా ఆడుతున్నంతసేపు చెడ్డ ఏమీ లేదు అనుకున్నాను. ఆ చేతుల్నే పట్టుకుని కూర్చున్నాను.

పెరటి గుమ్మంలో బూట్ల చప్పుడు వినపడినప్పుడు నేను గుర్తుపట్టలేదు. ఆమె పట్టింది. "లేయి మ్మే" అంది. మా ఆయన నిలబడి ఉన్నాడు, సైనైడ్ దిబ్బ నుంచి చెక్కిన బొమ్మలాగా, కళ్ళు తప్ప అంతా తెల్లగా. చెవి దగ్గర రక్తం కారి ఎండింది. నేను అతని చొక్కా పట్టుకున్నాను గానీ ఏమీ అడగలేకపోయాను. అతనే చెప్పాడు.

"మా మట్టంలో కాదు, పై మట్టంలో పడింది. ఆడ ఉన్నోళ్ళు..." అని ఆపాడు. తర్వాత, "శాఫ్టులో రాయి పడి మమ్మల్ని ఎక్కించే కేజీ పెట్టె ఇరుక్కునింది. అప్పుట్నించి ఇటుపక్క చక్రం తిరగలేదు. లోపల లోపల్నే నడిచి పక్క శాఫ్టు నించి పైకి వచ్చినాము. అందుకే ఇంత ఆలస్యం" అన్నాడు.

నేను వెనక్కి తిరిగి చూశాను. తళతళలాడే అద్దం అవతల చక్రం నిలబడి ఉంది. ఒక కాకి దాని మీద వాలి ఉంది.

ఆమె బకెట్టులో గుడ్డలు వేసుకుంటోంది.

మెల్లగా తిరగడం కంటే నిలిచిపోవడం చెడ్డది. అది మా లైన్లలో చిన్నపిల్లకు కూడా తెలుసు. నిలిచిపోయిన చక్రాన్ని అంతసేపు చూస్తూ, గొంతు వణక్కుండా బిరబిరా అని చెప్పగలిగిందా ఈ మనిషి అని ఆ రాత్రంతా అదే ఆలోచన. దండం పెట్టాలనిపించింది. కొంచెం భయం కూడా వేసింది. రేపు ఎప్పుడైనా నిజంగా బిరబిరా తిరిగినా ఈమె మాట ఎట్లా నమ్మేది?

రెండు మూడు రోజులకు పనిలోకి పోయినప్పుడు అడిగేశాను.

"నిలబడిన చక్రాన్ని తిరుగుతా ఉండాదని అంతసేపు ఎట్ల చెప్పినావు పెద్దమ్మా? నాకైతే గొంతు పట్టుకునేది."

ఆమె చేతిలో గుడ్డ ఆగింది.

"నిలబడి ఉండిందా?"

"నువ్వు చూస్తానే ఉంటివి గదా."

ఆమె గోడ పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చుంది. టీ కోసం కూడా కూర్చోని మనిషి. తర్వాత, నా మొహం వైపు కాకుండా చేతుల వైపు చూసుకుంటూ చెప్పింది.

"నాకు ఆ అద్దం అవతల ఏమీ కనపడదు మ్మే. శానా కాలమైంది. చేతికి అందేంత దూరం కనపడతాది. ఆ పైన అంతా పాలు పోసినట్టు. చక్రం ఎప్పుడూ తిరిగేదే గదా, తిరుగుతా ఉంటాదిలే అని చెప్పినా." కొంగుతో మొహం తుడుచుకుంది. "నిలబడి ఉండాదని కనపడి ఉంటే, నిన్ను ఆడ్నే వదిలేసి నేనే గేటు కాడికి పరిగెత్తి ఉందును."

ఆమె గుడ్డను మడుస్తూ విప్పుతూ ఉంది. ఆ రోజు ఒక్క తీరుగా ఆడిన చేతులు అవి.

అప్పుడు నాకు కాగితాల్లో బొమ్మలు, చెవి పెట్టి వినడం, బొటనవేలు, అన్నీ ఒకేసారి అర్థమయ్యాయి. చనిపోయిన మొగుడి పేరు మీద వచ్చిన పని అది. పని ఉంటేనే లైనులో ఇల్లు. చూపు లేదని తెలిస్తే రెండూ పోతాయి. "చెప్పబాక" అని ఆమె అడగలేదు. నేను చెప్పనని అనలేదు. లేచి స్టూలు గట్టిగా పట్టుకున్నాను. ఆమె ఎక్కింది.

అక్కడి నుంచి నా భయం ఇంకో రకం భయమైంది. ఎవరైనా ఆమెను దూరంలో ఉన్నదేదైనా అడుగుతారేమోనని గుండె దడ. ఒకసారి దొరసాని వరండాలో నిలబడి, "చూడమ్మా, ఆ మలుపులో వచ్చేది మా జీపేనా?" అంది. నేను లోపల ఉన్నాను, పరిగెత్తుకుని వచ్చేలోపల ఆమె తడుముకోకుండా చెప్పేసింది: "మీది గాక ఇంగ ఎవురిది దొరసానీ?"

వచ్చింది డాక్టరు కారు. దొరసాని ఆమె వైపు వింతగా చూసింది.

"డాక్టరు కారు మాత్రం మన కంపెనీది కాదా ఏంది" అంది ఆమె, అద్దం రుద్దుతూనే. దొరసాని నవ్వి లోపలికి పోయింది. ఆ తర్వాత ఆమె నా వైపు తిరిగి, నేను ఎక్కడ నిలబడ్డానో అంచనా వేసుకుని, కన్నుగీటింది. నేను నిలబడింది ఆ పక్క కాదు.

బిడ్డ పుట్టాక, బిడ్డను చూడటానికి వచ్చింది. ముక్కుకు ముక్కు తగిలేంత దగ్గర పెట్టుకుని చూసింది. "నీ మాదిరే ఉండాడు మ్మే, నిమ్మళం లేనోడు" అంది. ఆ రోజు నేను ధైర్యం చేసి, ఆపరేషన్ చేస్తే పొర పోతుందట, ఆసుపత్రికి నేను తీసుకుపోతాను, పనిలో ఎవరికీ తెలియనివ్వను అన్నాను.

"వద్దులే."

"ఏంటికి?"

"కనపడితే ఇంగ ఉన్నదే చెప్పాల గదా."

హాస్యానికి అన్నదో, నిజానికి అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత కూడా సంగు మోగిన రోజుల్లో ఎవరో ఒక పిల్ల ఆమె దగ్గరికి పరిగెత్తుకుని వచ్చేది. ఆమె ఆ పిల్ల చేతికి గుడ్డ ఇచ్చి, తాను చక్రం వైపు తిరిగి నిలబడేది. ఇప్పుడు నేను పక్కన ఉండేదాన్ని. ఆమె నన్ను అడిగేది కాదు, చక్రం ఎట్లా ఉందో. నేనూ చెప్పేదాన్ని కాదు. అవతలికి చూడకుండా అద్దాన్ని మాత్రం చూడటం నాకు ఆ రోజుల్లోనే అలవాటైంది.

పని వయసు అయిపోయాక ఆమె మాస్తి దగ్గర తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు కొంగుకు చెక్కముక్క ఇంకా ఉంది. పోయిందన్న కబురు చాలా రోజులు ఆలస్యంగా, మామిడికాయల బండితో వచ్చిన ఒకతను చెబితే తెలిసింది. ఆ ఇంటికి అద్దాల కిటికీలు లేవట. ఇనుప చువ్వలేనట. రోజూ పొద్దున ఆ చువ్వలను ఒక్కొక్కటిగా తుడిచేదట. ఇంట్లోవాళ్ళు పిచ్చి అనుకున్నారట.

మా ఆయన గని మూసేదాకా పని చేసి, ఆ తర్వాత కొన్నేళ్ళు బతికి, మంచం మీద పోయాడు. ఆ రోజు కడుపులో ఉన్న బిడ్డే ఇప్పుడు నన్ను సాకుతున్నాడు. గని లేదు కనుక మా ఊరి మగవాళ్ళంతా చీకటితోనే రైలెక్కి బెంగళూరుకు పనికి పోతారు. పెట్టెల్లో చోటుండదు, వాకిళ్ళలో కమ్మీలు పట్టుకుని వేలాడతారు. అక్కడ దిగగానే నా కొడుకు ఫోన్ చేయాలి. ఆ ఫోన్ వచ్చేదాకా నా కోడలు నీళ్ళు కూడా తాగదు. నేను ఏమీ అనను. అనేదానికి నాకేం హక్కు ఉంది?

డాక్టరమ్మ చెప్పిన కంటి ఆపరేషన్ అంటే భయపడ్డాను. కన్ను పోతుందని కాదు. చూపు వచ్చాక ఏం చూడాల్సి వస్తుందోనని. డాక్టరమ్మ కట్టు విప్పిన రోజు ముందు నా చేతులు కనిపించాయి. ఇవి ఎవరి చేతులు అనుకున్నాను. తర్వాత కోడలి మొహం. ఆ పిల్ల కళ్ళ కింద నల్లగా ఉంది. అది నేను ఇన్నాళ్ళూ చూడలేదు.

మరుసటి రోజు పొద్దున లేచి చూస్తే మా ఇంటికున్న ఒకే ఒక్క కిటికీ నిండా మురికి. దిబ్బల పొడి, పొయ్యి పొగ, వాన మరకలు. ఇన్నాళ్ళూ నా కంటి పొర అనుకున్నదాంట్లో సగం ఇదే. చెంబుతో నీళ్ళు, ఒక చుక్క కిరసనాయిలు, పాత పేపరు తెచ్చుకున్నాను. కోడలు వాకిట్లో ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది.

"దుమ్ము ముట్టొద్దని డాక్టరు చెప్పింది గదత్తా" అంది, నా వైపు చూడకుండానే.

"నల్లద్దాలు పెట్టుకున్నాలే. ఏమ్మా, ఫోన్ రాలేదా?"

"రాలేదు. ఎప్పుడో రావల్ల. చేస్తే రింగు పోతా ఉంది, ఎత్తలేదు." చెప్పులు వెతుక్కుంది. "స్టేషను కాడికి పోయి అడిగొస్తాను."

నేను పేపరును రెండుగా చించాను. ఒక సగంలో ఎవరో పెళ్ళికూతురి బొమ్మ ఉంది. కింద పేరు కూడా ఉంది, చదివాను. ఆ మొహాన్ని లోపలికి మడిచి ఉండచుట్టాను. ఇంకో సగం కోడలి చేతిలో పెట్టాను.

"యాడికీ పోబాక. కింది గళ్ళు నువ్వు తుడువు, పై గళ్ళు నేను తుడుస్తా. రైలు టయానికే పోయింది. కూతేసుకుని బిరబిరా పోయింది. నేను చూసినాను."

మా కిటికీలోంచి రైలు కట్ట కనిపించదు. ఆ సంగతి ఆ పిల్లకు నా కంటే బాగా తెలుసు. నా మొహంలోకి కొంచెంసేపు చూసింది. తర్వాత ఫోన్‌ను గూట్లో పెట్టి, తన సగం కాగితాన్ని విప్పి బొమ్మ ఉందేమో చూసుకుని, కింది గడి దగ్గర కూర్చుంది.